ఆ వంకర ఎవరిది?

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్టును తలకు తగిలించుకొని, అందులో కనబడు మండపస్తంభము నిటారుగా నిలిచియుండుట చూచి ముచ్చటపడు మనుష్యునితో, ఆ యంత్రము లోపలి తెరపై ఆ స్తంభము ఏ క్షణమునను నిటారుగా లేదనియు, నడుము వెలికి ఉబ్బి, కొనలు లోనికి వంగి, ఎరుపు నీలి అంచులు ఒకదానికొకటి రవంత తప్పుకొని, పరమ వికృతాకారమున చిత్రింపబడి యున్నదనియు ఎవరైనను చెప్పినచో, ఆతనికి వెంటనే నమ్మబుద్ధి పుట్టదు. కాని ఉన్నమాట అదియే. అరచేతి వెడల్పైనను లేని దూరమున నున్న చిన్న తెరను చూపు మేర అంతటను పరచి చూపవలెనన్నచో కంటికిని తెరకును నడుమ బలమైన కుంభాకార కటకమొకటి ఉండక తప్పదు. ఆ కటకము నడిమి భాగము కంటె అంచులను ఎక్కువగా సాగదీయును. దానిగుండా చూచిన చతురస్రమునకు మూలలు బయటికి లాగబడి భుజములు లోనికి క్రుంగును. ఈ దోషమును గాజులోనే దిద్దబూనినచో అద్దము మీద అద్దము చేర్చవలసి వచ్చి, మెడ మోయలేనంత బరువగును. అందుచేత నిర్మాతలు, కటకము ఏ తావున ఎంత లాగునో ముందే లెక్కకట్టి, బొమ్మను సరిగా అంతే ఎదురువైపునకు వంచి తెరపై వేయుదురు. గాజు ఎరుపును ఒక తీరున, నీలమును మరొక తీరున వంచును గనుక మూడు వర్ణములకు మూడు వేర్వేరు లెక్కలు. సెకనుకు 72 మొదలు 120 పర్యాయముల వరకు ఈ వంచుట జరుగుచుండగా, రెండు వంకరలు ఒకదానినొకటి కొట్టివేసుకొని, కంటికి చేరునప్పటికి గీత తిన్ననగును.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. కటకముల కేంద్రములు ఒక వరుస తప్పినప్పుడు చిత్రమునకు కలుగు వికారమును గూర్చి 1919లోనే కాన్రాడీ వ్రాసియుండెను. ఛాయాచిత్రముల నుండి కొలతలు తీయు శాస్త్రమునకై డువేన్ బ్రౌన్ 1966లో ఆ సూత్రములను విస్తరించెను. నేడు పిల్లల ఆటవస్తువుగా అంగళ్లలో దొరకు హెడ్‌సెట్టునందు పనిచేయుచున్నది ఆ గణితసంతతియే. ఇంతటి లెక్క ఇంత నిశ్శబ్దముగా నడచుచున్నందుకు మనము మెచ్చుకొనవలసినదే. అది తప్పినప్పుడు ఆ తప్పు ఎక్కడిదో వెదకు పద్ధతిని మాత్రము నిర్మాతలు గాని విక్రేతలు గాని మనకు నేర్పుట లేదు. ఈ వ్యాసమునకు కారణము ఆ లోపమే.

లెక్కలో ఒక మెలిక ఉన్నది. తెరపై బొమ్మను ఎంత వంచవలెనో నిర్ణయించునప్పుడు, చూచువాని కన్ను కటకమునకు సరిగా ఎదుట, ఇంత దూరమున, ఇంత ఎత్తున ఉండునని నిర్మాత ఊహించుకొనును. అనగా ప్రతి యంత్రములోను ఒక కల్పిత పురుషుడు కూర్చుండియున్నాడు. మన ముఖము వాని ముఖమునకు సరిపోయిన మేరకే మనకు గీతలు తిన్నగా కనబడును. మన కన్ను వాని కంటికి రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగెనా, రెండు వంకరలు ఒకదానినొకటి పూర్తిగా కొట్టివేసుకొనక, మిగిలిపోయిన వంకర మన కంటబడును. ఇట్టి విషయము ఎత్తుకొన్న తెలుగు రచయిత మయసభను తలపకుండుట అరుదు గనుక నేనును తలచి ముందుకు సాగుదును: సుయోధనుని భ్రమింపజేయుటకు మయునికి ఆతని కనుపాపల కొలత తీయవలసిన పని లేకపోయెను, ఈ సభలో ఆ కొలత లేనిదే భ్రమయే సరిగా నిలువదు.

ఆ కొలత రహస్యమేమియు కాదు. కండ్లజోళ్ల దుకాణమునకు పోయిన ప్రతివాని ముక్కు మీద చిన్న స్కేలు ఆనించి, 'నా కుడి కంటి వంక చూడండి, ఇప్పుడు ఎడమ కంటి వంక' అని కుఱ్ఱవాడు చీటీ మీద వ్రాయు 'పీడీ' అనునది ఇదియే. కనుపాపల నడిమి దూరము పెద్దలలో సగటున 63 మిల్లీమీటర్లు. 55కు లోపువారును ఉన్నారు, 72 దాటినవారును ఉన్నారు. వంద రూపాయల చదువుకొను అద్దములకు సైతము చూచుకొనదగిన ఈ అంకెను, వేలకు వేలు పోసి కొను హెడ్‌సెట్టు విషయమున అడుగువారు లేరు. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 అను హెడ్‌సెట్టులో కటకములు నిలుచుటకు 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే మెట్లు ఉండెను. 2024 నాటి చవుక రకమైన క్వెస్ట్ 3ఎస్‌లోను ఆ మూడే. 2019లో విడుదలైన రిఫ్ట్ ఎస్‌లోనైతే కటకములు కదలనే కదలవు. అప్పుడు జరిగిన ముచ్చట ఒకటి చెప్పదగియున్నది. 2012లో చందాలు పోగుచేసి ఓక్యులస్ సంస్థను నిలబెట్టి, 2014లో ఫేస్‌బుక్కు దానిని కొనుటకు కారకుడై, ఈ విద్యకంతకును మలిజన్మ నిచ్చెనని పేరుపడిన పామర్ లక్కీ, సంస్థను విడిచిన పిదప, అదే సంస్థ వెలువరించిన ఆ రిఫ్ట్ ఎస్‌ను గూర్చి, తన కనుపాపల దూరము ఇంచుమించు 70 మిల్లీమీటర్లు గనుక తాను దానిని వాడలేనని బహిరంగముగా వ్రాసెను. తాను వేసిన చెట్టు నీడ తనకే అందకపోవుట అన్నమాట. ఆయనకు తన కొలత తెలియును గనుక కారణము చెప్పగలిగెను. తెలియని కోట్లాది జనము 'నాకీ యంత్రము పడదు' అని పెట్టెలో పెట్టివేయుదురు.

స్త్రీలకు వర్చువల్ రియాలిటీ వలన తల తిరుగుట, వికారము ఎక్కువని చిరకాలముగా ఒక వాడుక ఉన్నది. దీనికి వారి శరీరతత్త్వమే హేతువని పలువురు చెప్పుచు వచ్చిరి. కే స్టానీ ప్రభృతులు 2020లో ప్రకటించిన పరిశోధనలో ఆ భేదమునకు ప్రధానహేతువు హెడ్‌సెట్టు కటకముల దూరము స్త్రీల కనుపాపల దూరమునకు సరిపడకుండుటయే అని తేల్చిరి. దోషము యంత్రముది, నింద మనిషికి! మన దేశపు ఆడపిల్లల విషయమున దీనికి తోడు మరొక చిక్కు, ఎవరును గ్రంథస్థము చేయనిది, నేను పలుమారులు కన్నులార చూచినది, కలదు: తల వెనుక పట్టీ ఒత్తైన జడ మీదనో కొప్పు మీదనో పడి పైకి జారును, పట్టీ పైకి జారిన కొలది ముందరి పెట్టె బరువు క్రిందికి వ్రాలును, కన్ను కటకకేంద్రమునకు పైన పడును. అప్పుడు అక్షరములు మసకబారి, నేల వాలినట్లు తోచును. పట్టీని జడ క్రిందుగా, పుఱ్ఱె వెనుక ఎముక ఉబ్బునకు దిగువన దించి కట్టినచో సగము జబ్బు కుదురును. ఈ మాట ఏ వాడుకపుస్తకమునను నాకు కనబడలేదు.

ఒక పట్టణమున జరిగిన విద్యాప్రదర్శనలో, పాఠశాల పిల్లలకు మనుష్యహృదయమును లోపలి నుండి చూపు అంగడి యొకటి పెట్టిరి. వరుసలో వచ్చిన పదేండ్ల పిల్ల హెడ్‌సెట్టు పెట్టుకొని, "సార్, గుండె రెండు గుండెల్లా కనబడుతోంది" అన్నది. "కళ్లు మూసి తెరువమ్మా, సర్దుకుంటుంది" అని నిర్వాహకుడు. "గోడలు వంకరగా ఉన్నాయి సార్, కదిలితే ఇంకా వంగుతున్నాయి." అంతట ఆ యువకుడు దానిని తీసికొని, మీటనొక్కి ఆర్పి వెలిగించెను, అప్పటికిని కుదరకపోగా, మొదటి స్థితికి తెచ్చు పెద్ద రీసెట్టును ప్రయోగించెను. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లు, అంతవరకు అందులో ఉన్న గుండె పాఠమును, వైఫై సంకేతపదమును, గది హద్దులును సమస్తమును తుడిచిపెట్టుకొనిపోయెను. మరల అన్నియు ఎక్కించుకొని వచ్చునప్పటికి వరుసలో సగము మంది పిల్లలు పక్క అంగడిలోని అయస్కాంతములను చూచుటకు పోయిరి. నిలిచిన కొద్దిమందిలో ఆ పిల్లకు అక్క కాబోలు, పదునాలుగేండ్లది, యంత్రమును చేతబట్టి, "ఇవి జరుగుతాయి సార్, మా బడిలో చేశాం" అని రెండు కటకములను వ్రేళ్లతో పట్టి దగ్గరకు త్రోసి చెల్లెలికి తగిలించెను. గుండె ఒకటి ఆయెను. గోడల వంకర మాత్రము పూర్తిగా పోలేదు. ఆ చిన్నదాని ముఖమునకు మిక్కిలి ఇరుకైన మెట్టు సైతము విశాలమే.

ఆ నిర్వాహకుని తప్పుపట్టను. ఆతనికి చెప్పినవారెవరు? ఫోను చేసినచో సహాయకేంద్రము చెప్పునదియు అదే మంత్రము: ఆర్పి వెలిగించుడు, లేనిచో రీసెట్ చేయుడు. రీసెట్టు వలన కొన్ని జబ్బులు పోవుట నిజమే. కాని అది జబ్బుతో పాటు జబ్బు జాడను కూడ తుడిచివేయును. మరల వచ్చినప్పుడు మరల మొదటికే రావలెను. వైద్యుడు నాడి చూడక ముందే రోగిని ఇంటికి పంపుట వైద్యమనిపించుకొనదు గదా.

నాడి చూచు పద్ధతి నిజమునకు కష్టమైనది కాదు. కనబడు వికారము దేనితో కూడ కదలుచున్నదని అడుగవలెను: తలతోనా, చూపుతోనా, లోపలి లోకముతోనా? తల ఎటు త్రిప్పినను ఒక మచ్చ గాని చార గాని చూపులో అదే తావున అంటిపెట్టుకొని వచ్చుచున్న యెడల, అది తెరదో కటకముదో అయియుండును. ఈ రెంటిలో ఏదియో అనుటకు సైతము గుర్తు ఉన్నది. కటకము మీది ధూళి కంటికి మరీ దగ్గర గనుక పొగమంచుగా, అంచులు లేని మరకగా తోచును. తెర మీది నలుసు, చచ్చిన బిందువు, కటకము పెద్దది చేసి చూపు తలములోనే ఉన్నందున సూదిమొనవలె స్పష్టముగా కనబడును. మొదటిది మెత్తని పొడిగుడ్డతో పోవును. రెండవది గుడ్డకు లొంగదు. తలను కదల్పక కనుగ్రుడ్లను మాత్రము అంచులకు త్రిప్పినప్పుడు తిన్నని గీత ఈదులాడినట్లు వంగి, చూపు మధ్యకు రాగానే నిటారగుచుండినచో, తప్పు కటకమునకును కంటికిని గల పొత్తులో ఉన్నది. కటకముల దూరము, పెట్టె ఎత్తు, కంటికి దగ్గరతనము, ఈ మూటిని సవరింపవలెను. కొంత ఈదులాట ఎంత మంచి కటకమునకైనను ఉండునని ఒప్పుకొనక తప్పదు. ఇక వంకర ఒక గోడకో ఒక బొమ్మకో అంటుకొని, తల పక్కకు త్రిప్పగనే వెనుకబడిపోవుచు, మరల చూచినప్పుడు అదే గోడ మీద ఉన్నచో, ఆ ఆటను లేక పాఠమును వ్రాసినవాని దోషము, హెడ్‌సెట్టు నిర్దోషి.

పిమ్మట ఒక కన్ను మూసి చూడవలెను. ఒక్కొక్క కంటికి బొమ్మ శుభ్రముగా ఉండి, రెండును తెరచినప్పుడే జంటగా కనబడినచో అది చాలవరకు కొలత తప్పు. ఒక కంటికే వికారముగా ఉన్నచో ఆ వైపు తెరనో కటకమునో అనుమానింపవలెను. అటుపై బొమ్మను ఫోను మీదికో టీవీ మీదికో ప్రసారము చేయవలెను. నలుగురును చూచు ఆ తెర మీద కూడ మరకలు, గళ్లు, చిరుగులు కనబడిన యెడల జబ్బు బొమ్మను గీయు కంప్యూటరులో పుట్టినది. టీవీ మీద శుభ్రముగా ఉండి తలమీది పెట్టెలో మాత్రమే చెడినచో, నడిమి కేబులును, తెరను, కటకమును చూడవలెను. తీగ లేకుండ గాలిలో బొమ్మను పంపు ఏర్పాటులో గళ్లు గళ్లుగా విడిపోవుట తరచుగా వైఫై బలహీనత వలననే. రౌటరును అదే గదిలోనికి తెచ్చి చూచినచో తెలియును.

కదలికలో మాత్రమే కనబడు వికారము ఒకటి వేరే జాతిది. తల నిలిపినప్పుడు అంతయు సవ్యముగా ఉండి, చేయి ఊపినప్పుడు చేతి అంచుల చుట్టును గాలి వణకినట్లు వెనుకనున్న గోడ అలలుగా కదలుట చాలమంది చూచియుందురు. కంప్యూటరు సెకనుకు 90 బొమ్మలు గీయలేక 45 మాత్రమే గీసినప్పుడు, నడిమి బొమ్మలను సాఫ్ట్‌వేరు ఊహించి అల్లును. ఊహ పొరబడిన అంచులలో ఆ వణకు పుట్టును. కటకములను ఎంత జరిపినను పోదు. ఆటలోని నీడలను, సూక్ష్మవివరములను తగ్గించి యంత్రమునకు భారము దించినచో పోవును. చిత్రములోని లోకమంతయు ఉన్నట్టుండి తడబడి గెంతుచున్నచో గదిలోని దీపమును కూడ చూచుట మంచిది. మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జులది. పాతకాలపు ట్యూబులైటు సెకనుకు 100 మార్లు మినుకుమినుకుమనును. గదిని చూచి స్థానము లెక్కించు హెడ్‌సెట్టు కెమెరాలు అమెరికా అలవాటున 60కి అమర్చియున్నచో ఆ మినుకు వానిని తికమక పెట్టును. 50కి మార్చు మీట కొన్నిటిలో ఉన్నది. వెదకువారు తక్కువ.

మన ఎండను గూర్చి చెప్పక విడువరాదు. కటకము చిన్నదానిని పెద్దది చేయునన్న సంగతి అందరికి తెలియును. అదే కటకము వెలుపలి సూర్యుని లోపలి తెర మీద ఒక బిందువుగా కూర్చునన్న సంగతి కిటికీ పక్క బల్ల మీద హెడ్‌సెట్టును వెల్లకిల వేసి పోయినవారికి తట్టదు. ఏప్రిల్ మాసపు ఎండ కొద్దిసేపు సూటిగా పడినను తెర కాలిపోయి, పసుపుపచ్చని మరకయో నల్లని గీతయో శాశ్వతముగా నిలిచిపోవును. సూర్యుడు కదలుచుండును గనుక చుక్కకు బదులు చారయే తరచుగా పడును. దీనికి రీసెట్టు లేదు, వారంటీ కూడ సాధారణముగా వర్తింపదు. కళాశాలలలో హెడ్‌సెట్టును గాజుబీరువాలో, అతిథులకు కనబడునట్లు, కటకములను ముందునకు పెట్టి అలంకరించు ఆచారము వెంటనే మానవలసినది.

"నాలుగు రోజులు వాడితే అలవాటవుతుంది" అను ఓదార్పు మాట మిక్కిలి ప్రమాదకరమైనది, ఏలయన అది చాలవరకు నిజము. జార్జి స్ట్రాటన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు తలక్రిందులుగా చూపు కటకమును ధరించి ఎనిమిది దినములు గడిపి, ఆ అనుభవమును 1897లో ప్రకటించెను. మొదట తడబడినవాడు క్రమక్రమముగా ఆ లోకమున నడువనేర్చెను. తీరా కటకమును తీసివేసిన పిదప కొన్ని గంటలు తన ఇల్లే తనకు వింతగా తోచెను. మెదడు వంకరను తిన్నగా చదువుకొననేర్చును, నిజమే. కాని ఆ నేర్పునకు మూల్యము తలనొప్పి, కడుపులో త్రిప్పుట, తీసివేసిన తరువాతి తూలుడు. హెడ్‌సెట్టు తీసిన వెంటనే, తేరుకొనక మునుపు, వాహనము నడుపవద్దని తయారీదారులే హెచ్చరింతురు గదా. కటకములను ఐదు మిల్లీమీటర్లు జరిపి పోగొట్టదగిన బాధను మెదడు మీద రుద్ది, ఓర్చినవారిని నిబ్బరము కలవారనియు, ఓర్వనివారిని పిరికివారనియు పేరుపెట్టుట న్యాయము కాదు.

ఈ విషయమున వెనుకటి వస్తువొకటి నేటివాని కంటె నిజాయితీ కలదిగా నాకు తోచును. 2014లో గూగుల్ వెలువరించిన కార్డ్‌బోర్డు అను అట్టపెట్టె చూచుటకు నవ్వు పుట్టించునదే; ఫోనును అట్టలో దూర్చి రెండు కటకముల గుండా చూచుట. కాని ఆ పెట్టె మీద ఒక క్యూఆర్ గుర్తు అచ్చొత్తియుండెడిది. దానిని ఫోనుతో చదివించినచో ఆ పెట్టెలోని కటకములు ఎంత వంచునో, వాని నడుమ దూరమెంతయో ఫోనునకు తెలిసి, బొమ్మను అందుకు తగినట్లు వంచెడిది. ఏ చిన్న తయారీదారుడైనను తన పెట్టె కొలతలిచ్చి తన గుర్తు తాను చేసికొనవచ్చును. అనగా వంకర లెక్క రహస్యము కాదు, పెట్టె ముఖము మీదనే ఉండెను. మన బజారులలో అమ్మిన నకిలీ పెట్టెలు ఆ గుర్తు లేకనో, ఎవరిదో గుర్తు అంటించుకొనియో వచ్చుటచేతనే అనేకులకు ఇల్లంతయు వంగి కనబడి, ఆ విద్య మీదనే ఏవగింపు పుట్టెను. గూగుల్ 2021లో ఆ అట్టపెట్టెల అమ్మకము నిలిపెను. పెట్టెతో పాటు ఆ బహిరంగత కూడ పోయినది.

ఇంజనీరింగు కళాశాలలు, వెల్డింగు మొదలు అగ్నిమాపకము వరకు నేర్పు నైపుణ్యశిక్షణాలయములు, ఇప్పుడు పాఠశాలలును, ఈ హెడ్‌సెట్లను పదులకొలది కొనుచున్నవి. ఇంటిలో ఒకడు ఒక యంత్రమును వాడుట వేరు. ఒక యంత్రమును గంటకు పదిమంది పంచుకొనుట వేరు. రెండవ చోట ప్రతివాడును తన ముందువాని కొలతలో చూచును. కనుక కొనుగోలు పత్రములో తెర బిందువుల సంఖ్యతో పాటు కనుపాపల దూరము ఎంత నుండి ఎంత వరకు సరిపడునో, ఆ సవరణ మెట్లుగా జరుగునో చక్రముతో జరుగునో వ్రాయించి తీరవలెను. పదేండ్ల పిల్లలకు కొనువారు తక్కువ కొస అంకెనే మొదట చూడవలెను. సరిగీతల గళ్లపటము ఒకటి ప్రతి హెడ్‌సెట్టులో, పాఠము మొదలగుటకు ముందు తెరచుకొనునట్లు ఉంచుట తయారీదారులకు ఒక పూట పని. ప్రయోగశాల తలుపు దగ్గర మిల్లీమీటర్ల స్కేలు వ్రేలాడదీసి, విద్యార్థి తన పీడీని హాజరుపట్టీలో పేరు పక్కన ఒక్కసారి వ్రాసికొనునట్లు చేయుట ప్రిన్సిపాలు చేతిలోని పని. దానికి టెండరు సైతము అక్కరలేదు. పెద్ద రీసెట్టు మీటకు మాత్రము ప్రయోగశాల బాధ్యుని సంతకము పెట్టవలెనని నియమము చేసినచో, తక్కిన పరీక్షలన్నియు ఎవరును చెప్పకయే జరుగును.